ఇరవై ఒకటో తలుపు

చొప్పదండి,
14 సెప్టెంబర్ 2025

చిరంజీవి నవనీతకు బాపమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం పదకొండో తేదీ మధ్యాహ్నం చేరింది. రెండు పేజీలు, నాలుగు కొట్టివేతలు. ఇదంతా ఫోన్‌లో చెబితే సరిపోయేది కదా అని చివర్లో అడిగావు. సరిపోదు. ఫోన్‌లో అన్న మాటను రేపు నేను అనలేదనవచ్చు. కాగితం మీద అన్నదాన్ని అనలేదనడానికి వీల్లేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. నోటి లెక్క మీద నాకు నమ్మకం లేదు.

నీ కొత్త పని నాకు అర్థమైనంత వరకు మళ్ళీ రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. మీ కంపెనీ బస్సులకు వెనుక గోడలో అత్యవసర ద్వారం ఉంది. దాని హ్యాండిల్ లోపలి పిన్నును మెత్తటి లోహంతో చేశారు. అది అరిగిపోతే హ్యాండిల్ తిరుగుతుంది కానీ గడియ కదలదు. పైకి ఏ లోపమూ కనబడదు. అందుకని బస్సులన్నిటినీ వెనక్కి పిలిపించి ఉక్కు పిన్ను వేయమన్నారు. ఆదిలాబాద్ షెడ్డుకు వచ్చేవాటికి నువ్వు బాధ్యురాలివి. పిన్ను మార్చిన ప్రతి తలుపు మీద వరుస నంబరున్న ఆకుపచ్చ స్టిక్కర్ అంటించి సంతకం పెట్టాలి. ఇంతేనా? మొత్తం ఎన్ని బస్సులో రాయలేదు. అసలు రాయవలసింది అదే.

మా బడిలో ఇరవై రెండేళ్ళు వంట చేసి, నీ నోట్లో ముద్దలు పెట్టిన శంకరవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమెకు అక్షరం రాదు కానీ ప్రశ్న సూటిగా వేస్తుంది. "తెరుసుకోని తలుపును తలుపంటరా టీచరమ్మా? గోడంటరు గని" అంది. తర్వాత "మన పిల్ల బస్సుల డాక్టరైంది" అని వాడకట్టంతా చెప్పి వచ్చింది.

ఒక్క మాట. నీ చేత్తో తెరిచి చూడని తలుపు మీద సంతకం పెట్టకు. మీ బాపు ఆరో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం తానే పెట్టుకున్నాడు. వారం రోజులు వాడితో నేను మాట్లాడలేదు. ఇప్పుడు షార్జాలో ఉన్నా ఆ వారం వాడికి గుర్తే.

ఇట్లు,
బాపమ్మ లస్మవ్వ

*

ఆదిలాబాద్,
21 సెప్టెంబర్ 2025

పూజ్యులైన బాపమ్మకు నమస్కారాలు.

నువ్వు రాసిందంతా సరైనదే, దిద్దడానికి ఏమీ లేదు. బస్సులు ఇరవై మూడు. ఈ రోజుకు తొమ్మిది అయ్యాయి. తలుపు ఊడదీయడానికి, పిన్ను వేయడానికి, పదిసార్లు తెరిచి మూయడానికి ఒక్కో బస్సుకు రెండు గంటలు. పని కష్టం కాదు, బస్సును రప్పించడమే కష్టం. యజమానులు ఫోన్ ఎత్తరు. ఎత్తితే "తలుపు బాగనే ఉన్నది మేడం, ఫోటో పంపిస్తం, స్టిక్కర్ మీరే పంపుండ్రి" అంటారు.

మా పెద్ద మిస్త్రీ పేరు పరశురాములు. యాభై ఐదేళ్ళు. మొదటి రోజు నన్ను చూసి, "గీ పిల్ల పానా పడతదా, పెన్నే పడతదా?" అన్నాడు. రెండో రోజు నేనే ఒక తలుపు ఊడదీశాను. అప్పటి నుంచి మేడం అంటున్నాడు. కానీ మాట ఆయనదే చెల్లుతుంది.

అక్టోబర్ మూడో తేదీ సాయంత్రానికి ఇరవై మూడూ పూర్తయినట్టు నివేదిక పోవాలి. పోతే నా ఉద్యోగం పర్మనెంటు. పోకపోతే వేరే మనిషిని వేసి, నన్ను మళ్ళీ స్టోర్ రూంలో బిల్లులు రాయడానికి కూర్చోబెడతారు. అందుకే నిద్రలో కూడా నంబర్లే వస్తున్నాయి.

శంకరవ్వను అడిగానని చెప్పు. ఈసారి మక్క గారెలు నాకు లేకుండా చేసుకుంటే ఊరుకోనని కూడా చెప్పు.

నీ మనుమరాలు,
నవనీత

*

(కార్డు)

ఆదిలాబాద్,
30 సెప్టెంబర్ 2025

బాపమ్మకు నమస్కారాలు. పంతొమ్మిది పూర్తి. మిగిలిన నాలుగు బస్సులూ ఈ సాయంత్రమే షెడ్డుకు చేరాయి, కళ్ళ ముందే ఉన్నాయి. రేపు పొద్దున మొదలుపెడతాం. గెలిచినట్టే.
నవనీత

*

ఆదిలాబాద్,
6 అక్టోబర్ 2025

పూజ్యులైన బాపమ్మకు నమస్కారాలు.

ఇరవై మూడుకు ఇరవై మూడు! మూడో తేదీన నివేదిక పంపాను. ఈ రోజు పర్మనెంటు కాగితం వచ్చింది. మన జిల్లాల్లో ఈ పనిలో పర్మనెంటు అయిన మొదటి ఆడపిల్లను నేనేనట. మా మేనేజరు అందరి ముందు చప్పట్లు కొట్టించారు.

దసరా కూడా బాగా జరిగింది. షెడ్డులో పండుగ నువ్వు చూడాలి. నవమి నాడు తెల్లారగానే పరశురాములు పానాల నుంచి స్క్రూడ్రైవర్ల దాకా అన్నీ కడిగి, పసుపు బొట్లు పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చాడు. శనివారం దాకా ఒక్కటి కదలనియ్యలేదు. చివరనున్న చిన్న పానా మీద నా చేయి పడబోతే ఎంత అరిచాడో! "పూజల పెట్టిన పానా లేపితే చెయ్యి తెగుతది మేడం. మా బాపు లేపిండు, ఏలు పోయింది" అని తన తండ్రి వేలి కథంతా చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నువ్వు మెచ్చుకుంటూ రాస్తే ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించుకుంటాను.

నీ మనుమరాలు,
నవనీత

*

చొప్పదండి,
12 అక్టోబర్ 2025

చిరంజీవి నవనీతకు ఆశీస్సులు.

మెచ్చుకుంటున్నాను. ఫ్రేము అవసరం లేదు.

నువ్వు చిన్నప్పుడు నూటికి తొంభై ఎనిమిది తెస్తే, ఆ రెండూ ఎక్కడ పోయాయని అడిగేదాన్ని. ఈసారి ఏమీ అడగడం లేదు. సంతోషంగా ఉన్న మనిషిని ఒక రోజైనా సంతోషంగా ఉండనివ్వాలని శంకరవ్వ నాకు పాఠం చెప్పింది.

నీ ఉత్తరాన్ని ఆమె నాచేత మూడుసార్లు చదివించుకుంది. పరశురాములు తండ్రి వేలి దగ్గర మూడుసార్లూ నవ్వింది. "పోయి పిల్లను చూసొద్దాం పా టీచరమ్మా, నా మోకాళ్ళు నడిసినన్ని దినాలే" అంటోంది. ఆటో నడిపే కొడుకు లక్ష్మణ్‌తో కూడా అదే మాట. చూద్దాం.

ఇట్లు,
బాపమ్మ

*

ఆదిలాబాద్,
20 నవంబర్ 2025

బాపమ్మకు నమస్కారాలు.

నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. ఫోన్ చేస్తే కలవడం లేదు. లక్ష్మణ్ అన్నకు చేస్తే, "టీచరమ్మ మంచిగనే ఉన్నది, నేను బండి మీదున్న" అని పెట్టేశాడు. ఎప్పుడూ అరగంట మాట్లాడే మనిషి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పని ఎక్కువ. కొన్ని కాగితాలు, కొన్ని విచారణలు, ఎప్పుడూ ఉండేవే.

శంకరవ్వ ఎట్లా ఉంది? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఒక్క ముక్క రాయి, చాలు.

నవనీత

*

కరీంనగర్,
26 నవంబర్ 2025

నవనీతకు,

పని మీద కరీంనగర్‌లో ఉన్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని పట్టించుకోకు.

రెండు ప్రశ్నలు. ఇరవై ఒకటో నంబరు స్టిక్కర్ అంటించిన తలుపులో పిన్ను ఏ తేదీన మార్చారు? ఎవరు మార్చారు?

వేరే సంగతులేవీ రాయనవసరం లేదు.

లస్మవ్వ

*

ఆదిలాబాద్,
1 డిసెంబర్ 2025

బాపమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి భయమేసింది. అవి నీ అక్షరాలేనా? కరీంనగర్‌లో ఏం పని? ఎవరింట్లో ఉన్నావు?

ఇరవై ఒకటో తలుపు అక్టోబర్ ఒకటో తేదీన అయింది. పరశురాములు బిగించాడు. రిజిస్టర్‌లో ఉంది. ఈ నంబరు నీకెలా తెలుసు? పేపర్లో ఏదైనా చదివి అడుగుతున్నావా? పేపర్లో రాసేవన్నీ నిజాలు కావు. ఆ ప్రమాదం విషయం మా కంపెనీ చూసుకుంటోంది. తలుపులో లోపం లేదని రాసిచ్చాం.

శంకరవ్వ గురించి అడిగితే నువ్వు రాయలేదు.

నవనీత

*

చొప్పదండి,
8 డిసెంబర్ 2025

నవనీతకు,

నా కుడి మణికట్టు విరిగింది. పోయిన ఉత్తరం కరీంనగర్ ఆసుపత్రి మంచం మీద ఎడమ చేత్తో రాశాను. కట్టు విప్పారు. ఇది కుడి చేత్తో, ఆగి ఆగి, మూడు రోజులు రాశాను.

నవంబర్ ఎనిమిది, శనివారం. చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరచాలన్నది శంకరవ్వ కోరిక. కరీంనగర్‌లో ఉదయం ఏడూ ఇరవైకి ఆసిఫాబాద్, జైనూర్ మీదుగా ఆదిలాబాద్ వచ్చే ప్రైవేటు బస్సు ఎక్కాం. ముప్పై ఆరు మంది ఉన్నాం. శంకరవ్వ ఒడిలో స్టీలు డబ్బా. అందులో నీకు మక్క గారెలు. వెనుక తలుపు మీద ఆకుపచ్చ స్టిక్కర్, నంబరు ఇరవై ఒకటి, కింద నీ సంతకం. ఆ తలుపు పక్క సీట్లో కూర్చున్నాం.

పదకొండూ యాభైకి, జైనూర్ ఇంకా రాకముందే, ఘాట్ మలుపులో బస్సు కల్వర్టు దాటి ఎడమ వైపుకు ఒరిగి పడింది. ఎక్కే తలుపు నేలకు అతుక్కుపోయింది. పొగ ఇంజను దగ్గర మొదలై ముందు నుంచి వెనక్కు వచ్చింది. కనుక అందరూ వెనుకకే వచ్చారు.

హ్యాండిల్ పట్టుకున్నది శంకరవ్వ. "తిప్పుతున్న టీచరమ్మా, తిరుగుతుంది గని వస్తలేదు" అంది. నేనూ తిప్పాను. రెండు వైపులా తిప్పాను. గానుగలా తిరిగింది. ఇద్దరు యువకులు పైనున్న కిటికీ అద్దం పగలగొట్టి ఒక్కొక్కరినీ లాగారు. నన్ను లాగుతున్నప్పుడే చేయి విరిగింది. శంకరవ్వను కూడా రమ్మన్నారు. ఆమె హ్యాండిల్ వదల్లేదు. "నువ్వు పో, నేను తీస్త. పిల్ల సేసిన తలుపు ఎట్ల రాదు?" అంది. పదకొండూ యాభై ఏడుకు లోపల నుంచి చప్పుడు ఆగింది.

ఏడు నిమిషాలు. పదిసార్లు తెరిచి మూశామని రాశావు. ఆమెకు ఒక్కసారి తెరుచుకుంటే సరిపోయేది.

మూడోనాడు పిట్టకు పిండం పెడితే కాకి చాలాసేపు ముట్టలేదట. ఇంటి దగ్గర మిగిలిన మక్క గారె ఒకటి లక్ష్మణ్ తెచ్చి పెడితే ముట్టిందట. నేను ఆసుపత్రిలో ఉన్నాను, చూడలేదు. తల్లి సంగతి నీకు చెప్పవద్దని లక్ష్మణ్‌ను ఆపింది నేనే. నీ అంతట నువ్వు ఏం రాస్తావో చూద్దామనుకున్నాను.

నవంబర్ ఇరవై ఐదున విచారణ అధికారి ఆసుపత్రికి వచ్చి మీ షెడ్డు ఇచ్చిన కాగితం చూపించాడు. "తలుపులో లోపం లేదు. చదువురాని వృద్ధురాలు కంగారులో హ్యాండిల్‌ను తప్పు వైపు తిప్పి ఉంటుంది." దాని కింద కూడా నీ సంతకమే. రెండుసార్లు చదివాను.

ఇక నీ జవాబు. ఒకటో తేదీన పరశురాములు బిగించాడన్నావు. ఒకటో తేదీ నవమి. ఆ తెల్లారే పానాలన్నీ పూజలో పెట్టారనీ, శనివారం దాకా ఒక్కటీ కదల్లేదనీ ఆరో తేదీ ఉత్తరంలో నువ్వే రాశావు. శనివారం నాలుగో తేదీ. నివేదిక మూడో తేదీ. ముప్పయ్యో తేదీ కార్డులో పంతొమ్మిది అన్నావు. కాబట్టి ఇరవై నుంచి ఇరవై మూడు దాకా నాలుగు తలుపులకు స్టిక్కర్ ఉంది, పిన్ను లేదు. ఒకటి కాలిపోయింది. మూడు తిరుగుతున్నాయి.

ఈ నెల ఇరవై రెండున అధికారి నా వాంగ్మూలం తీసుకుంటాడు. ఆలోగా నువ్వే వెళ్ళి నిజం చెప్పు. ఆ మూడు బస్సులను ఆపించు. నీ నోటితో నువ్వు చెప్పడానికి పద్నాలుగు రోజుల గడువు ఇస్తున్నాను. బస్సులకు గడువు లేదు. ఈ ఉత్తరం అందిన రోజే ఆపించు.

లస్మవ్వ

*

ఆదిలాబాద్,
13 డిసెంబర్ 2025

బాపమ్మా,

రాసుడు నాకు వస్తలేదు. నువ్వు నేర్పిన తీరుగ రాద్దామని రెండు కాగితాలు చింపిన. నోటికొచ్చినట్టు రాస్తున్న, తిట్టకు.

పేపర్ల శంకరవ్వ అని చూసిన. ఊరి పేరు లేదు. ఎంతమంది శంకరవ్వలు ఉండరు అనుకున్న. అట్లనే అనుకోవాలని అనుకున్న. అందుకే ఎట్లున్నదని నీకు రాసిన. నువ్వు మంచిగున్నదని రాస్తవేమోనని ఎదురుచూసిన. లక్ష్మణన్న ఫోన్ పెట్టేసినప్పుడే నాకు తెలిసింది బాపమ్మా. తెలిసినంక గూడ ఆ కాగితం మీద సంతకం పెట్టిన. మేనేజర్ టైపు చేయించి తెచ్చిండు. "గిదే సక్కగుంటది, సంతకం పెట్టు" అన్నడు.

దసరా నాడు నేను ఎంత బతిమిలాడిన్నో నీకు తెల్వదు. "నాలుగు బస్సులు పరశురాములు మామా, ఒక్క పానా ఇయ్యి" అన్న. "బస్సులు యాడికి పోతయ్ మేడం, పండుగైనంక సేద్దం" అన్నడు. మూడో తారీఖు ఎవ్వలు పనికి రాలే. సాయంత్రం నాలుగ్గొట్టంగ మేనేజర్ ఫోన్. ఇరవై మూడు అయినయా, లేవా? అయినయ్ అన్న. పండుగైనంక సేద్దమనే స్టిక్కర్లు అంటించిన. తెల్లారేసరికి యజమానులు బండ్లు తీసుకపోయిండ్రు. మళ్ళ రమ్మంటే ఎందుకని అడుగుతరు గద. ఏమని చెప్పాలె?

పరశురాములు పేరు రాసిచ్చింది నేనే. ఆయనను పనిలకెళ్లి తీసేసిండ్రు. పానాల డబ్బా నెత్తిన పెట్టుకొని నా ముందటికెళ్ళి పోయిండు.

ఇరవై, ఇరవై రెండు నంబర్లు సప్పుడు కాకుంట చేయించిన. ఇరవై మూడు జైనూర్ రూట్ల తిరుగుతుంది, దొరకలే. దొరకంగనే చేస్త, ఒట్టు.

బాపమ్మా, ఆ తలుపు కాలిపోయింది. నేను ఏం రాసిన్నో నీ దగ్గర ఉన్న కాగితాలు తప్ప ఎక్కడ లేదు. ఆ కార్డు, ఆ ఉత్తరం చింపెయ్. శంకరవ్వ నన్ను ఎత్తుకొని తిప్పింది, ఆమె ఉంటే నన్ను జైలుకు పంపుమంటదా? బాపు కువైట్, షార్జా పట్టుకొని తిరిగి నన్ను చదివిచ్చిండు. ఆయనకేమని చెప్తవు? నాకు ఇరవై ఆరేండ్లే. నీకు చేతులెత్తి మొక్కుతున్న.

నీ పిల్ల

*

చొప్పదండి,
23 డిసెంబర్ 2025

నవనీతకు,

నీ ఉత్తరం పదహారో తేదీన చేరింది. నాలుగు పేజీలు. ఎక్కువ నీ గురించి. శంకరవ్వ గురించి కొంత. పరశురాములు గురించి మూడు వాక్యాలు. జైనూర్ బస్సు గురించి రెండు.

ఆ బస్సు దొరకలేదన్నావు. పిలిస్తే దొరికేది. ఎందుకని అడుగుతారు కనుక పిలవలేదు.

నేను ఇరవై రెండు దాకా ఆగలేదు. ఉత్తరం చేరిన సాయంత్రమే లక్ష్మణ్ ఫోన్ అడిగి తీసుకుని అధికారికి ఇరవై మూడో నంబరు చెప్పాను. మర్నాడు పొద్దున జైనూర్‌లో బస్సును ఆపి, నలభై ఒక్క మందిని దింపి, తలుపు చూశారు. హ్యాండిల్ చుట్టూ తిరిగింది. గడియ కదల్లేదు. నీకు తొమ్మిదో తేదీనో పదో తేదీనో నా ఉత్తరం అంది ఉంటుంది. ఆ లెక్కన వారం రోజులు ఆ బస్సు ఘాట్ ఎక్కింది, దిగింది. ఏమీ కాలేదు. అది నీ మంచితనం వల్ల కాదు.

నిన్న పదకొండు గంటలకు కరీంనగర్‌లో వాంగ్మూలం ఇచ్చాను. కార్డు, ఆరో తేదీ ఉత్తరం, ఒకటో తేదీ ఉత్తరం, పదమూడో తేదీ ఉత్తరం, నాలుగూ ఇచ్చి రసీదు తీసుకున్నాను. పరశురాములు ఆ నాలుగు తలుపులనూ ముట్టలేదని మొదటి పేజీలోనే రాయించాను. హ్యాండిల్‌ను ఎటు తిప్పినా తలుపు రాలేదని, శంకరవ్వ కంగారు పడలేదని, ఆ బస్సులో కంగారు పడనిది ఆమె ఒక్కతేనని రాయించాను.

"ఈ నవనీత మీకేమవుతారు?" అని అధికారి అడిగాడు. మనుమరాలు, నేను పెంచిన పిల్ల అన్నాను. అతను కలం కింద పెట్టి నీళ్ళు తాగుతారా అన్నాడు. ముందు రాయండి అన్నాను.

మరొకటి కూడా రాయమన్నాను. అక్టోబర్ పదో తేదీన నీ ఉత్తరం చేరినప్పుడే ఇరవై మూడులో నుంచి పంతొమ్మిది తీసేశాను. నాలుగు. పానాలు పూజలో ఉన్న రోజులు లెక్కపెట్టాను. ఆ నాలుగూ ఎప్పుడు చేశారని కాగితం తీసి ఒక ప్రశ్న రాశాను. రాసి చింపేశాను. మెచ్చుకుంటూ ఇంకొకటి రాశాను. నా మనుమరాలు గెలిచిందని వాడకట్టుకు చెప్పిన తర్వాత ఆ ప్రశ్న వేయడానికి నాకు మనసు రాలేదు. అది విచారణకు అవసరం లేదని అధికారి అన్నాడు. అవసరమని చెప్పి రాయించాను.

మీ బాపుకు వేరుగా రాశాను. నిన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఎవరినీ అడగలేదు. నా తలుపు తీసే ఉంటుంది. కానీ వచ్చేముందు పరశురాములు ఇంటికి వెళ్ళి రా. పనిలోకి తీసుకున్నారో లేదో కనుక్కుని రా. ఆయన ఏమన్నా నిలబడి విను.

నిన్న తిరిగి వచ్చేసరికి లక్ష్మణ్ నా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆటో పక్కన ఆపి ఉంది. ఏం చెప్పావని అడిగాడు. అంతా చెప్పాను, నీ పేరుతో సహా. తర్వాత అడిగాడు:

"ముంగట సీట్లు ఖాళీ ఉండెనట గద టీచరమ్మా. ఎన్కకు ఎందుకు పోయింది మా అవ్వ?"

"తలుపు మీద నవనీత సంతకం చీటీ ఉంది, లక్ష్మణ్."

"మా అవ్వకు సదువు రాదు గద."

"రాదు. చదివి చెప్పింది నేనే. అక్కడ కూర్చుందామన్నది కూడా నేనే" అన్నాను.

లస్మవ్వ